నాన్న కలిపిన జానెడు

మా బావ గడ్డం గీస్తూ అబద్ధాలు చెప్పేవాడు. కత్తి గొంతు మీద ఉన్నంతసేపూ ఎవరూ కాదనరని ఆయన ధీమా.

ఆయనది రెండు కుర్చీల సెలూన్. వాకిలి దగ్గర కుర్చీ ఆయనది, లోపలిది నాది. నేను ఆయన బావమరిదిని. మా అక్కని చేసుకున్న పాపానికి నన్ను కూడా మోయాల్సి వచ్చిందని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. పని నేర్పింది మాత్రం ఆయనే. ఎదురెదురుగా రెండు అద్దాలు, గోడవారన వెయిటింగ్ బెంచీ, పైన మూల ఒక టీవీ. సాయంత్రమయ్యేసరికి బెంచీ నిండిపోయేది. అందులో సగం మందికి జుట్టు పెరిగి కాదు, మా బావ మాటలు వినడానికి వచ్చేవాళ్లు.

మా అక్క వీధి చివర బట్టల కొట్టులో గుడ్డ కొలిచి కత్తిరించేది. మీటరు బద్ద పట్టుకుందంటే వేలెడు ఎక్కువా కాదు, వేలెడు తక్కువా కాదు. ‘కాస్త చూసి కత్తిరించమ్మా’ అని ఎవరైనా నసిగితే, తలెత్తి ఒక్కసారి చూసేది. ఆ చూపుకి మళ్లీ అడిగినవాళ్లు లేరు. కొలిచి మాట్లాడే మనిషికి కలిపి మాట్లాడే మొగుడు దొరికాడు. ఇద్దరికీ ఒక్కతే కూతురు.

అది చీపురుపుల్లలా ఉండేది. కాళ్లు మాత్రం పొడుగు. కూచోమంటే కూచునేది కాదు, నడవమంటే గెంతేది. ‘మిడత’ అని పేరు పెట్టింది నేనే. ఇంట్లో మొదలై, వీధంతా పాకి, చివరికి బళ్లో హాజరు పిలిచేటప్పుడు కూడా అదే పేరయింది.

ఒక ఏడాది బడి ముందు రోడ్డులో మంచినీళ్ల పైపుల కోసం పక్కపక్కనే మూడు గుంటలు తవ్వారు. మధ్యలో ఒక కాలు పట్టేంత గట్లు వదిలారు. జనమంతా చుట్టూ తిరిగి వెళుతుంటే, మిడత పరిగెత్తుకొచ్చి, గట్టు మీద ఒక కాలు, రెండో గట్టు మీద ఇంకో కాలు వేసి అవతల పడేది. ఒకరోజు ఆటల టీచరు గొడుగేసుకుని వస్తూ చూసింది. ముందు చెవి మెలేసింది. తర్వాత అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, “ఏదీ, ఇంకోసారి దూకు” అంది.

ట్రిపుల్ జంప్ అనే ఆట ఒకటుందని మా ఇంట్లో తెలిసింది అప్పుడే. పరిగెత్తుకొచ్చి చెక్క పలక మీద కాలేసి ఎగరాలి. అదే కాలి మీద దిగాలి, రెండో కాలి మీదికి పెద్ద అంగ వేయాలి, అక్కణ్నుంచి ఇసుకలోకి దూకాలి. ఇసుకలో ఒంటి గుర్తు ఎక్కడ అన్నిటికంటే వెనక పడిందో అక్కడికి కొలుస్తారు. మా బావకి ఇది నాలుగుసార్లు చెప్పించుకుంటే గానీ బుర్రకెక్కలేదు. “ఎంచక్కా ఒకేసారి దూకొచ్చుగా, ఈ వాయిదాల పద్ధతి ఎందుకు?” అన్నాడు.

మొదటి పెద్ద పోటీకి బావా నేనూ సెలూన్ మూసి వెళ్లాం. మిడతకి అప్పటికి నడుం దిగిన జడ. రోజూ పొద్దున్నే అక్క దువ్వి బిగించి అల్లేది. ఆ జడంటే అక్కకి ఎంత గర్వమో బావకి అంతకంటే ఎక్కువ. ‘మా పనితనానికి సైన్ బోర్డు’ అనేవాడు, ఒక్కసారైనా దాని మీద కత్తెర పెట్టినవాడు కాకపోయినా. ఆ రోజు మిడత చక్కగా ఎగిరింది, చక్కగా దిగింది. కానీ దిగేటప్పుడు తల వెనక్కి వాలి, జడ వెళ్లి ఇసుకలో చర్నాకోలలా కొట్టింది. టేపు పట్టుకున్న ఆఫీసరు వంగి చూసి, జడ పడిన చోట మేకు గుచ్చాడు.

బావ కంచె దాటి దిగిపోయాడు.

“అయ్యా, దూకింది పిల్ల. జుట్టు కాదు.”

“ఒంటికి అంటుకుని ఉన్నదేదైనా లెక్కేనండీ. రూలు.”

“జుట్టు సంగతి నాకు చెబుతారా? అది ఒంట్లో భాగమే అయితే కోసినప్పుడు నొప్పి పుట్టాలిగా. ఇన్నేళ్లుగా కోస్తున్నాను, ఒక్కడంటే ఒక్కడు అబ్బా అనలేదు.”

ఆఫీసరు నవ్వాడు గానీ మేకు మాత్రం కదపలేదు. మిడతకి రెండో బహుమతి వచ్చింది. కాలి గుర్తుకీ జడ గుర్తుకీ మధ్య మా బావ చెయ్యి పెట్టి చూశాడు. సరిగ్గా జానెడు.

మర్నాడు సెలూన్లో మొదటి గడ్డం తడపగానే ఆ జానెడు కలిపి చెప్పాడు. బెంచీ మీద కూచుని హోంవర్కు చేసుకుంటున్న మిడత తలెత్తి, “నాన్నా, అంత కాదు” అంది.

“నీ కాళ్లు అంతే దూకాయమ్మా. జడ చేసిన తప్పుకి నువ్వెందుకు తగ్గాలి?” అన్నాడు.

నిజం చెప్పొద్దూ, ఆ మొదటి జానెడు అబద్ధం కాదు. చిక్కంతా తర్వాత వచ్చింది.

మిడత పెద్ద స్టేడియంలో చేరింది. అక్కడ కోచ్ మేడం ఒకప్పుడు తను కూడా దూకిన మనిషే, మాట తక్కువ, విజిల్ ఎక్కువ. జడ చూసిన రోజే, “ఇది ఉండాలా, నువ్వుండాలా తేల్చుకుని రా” అంది. అక్క ఒప్పుకోలేదు. ముడి చుట్టి, గుప్పెడు పిన్నులు గుచ్చి పంపింది. రెండో అంగ వేసేసరికి ముడి ఊడి, పిన్నులన్నీ ఇసుకలో చిందాయి. మిడత తర్వాత దూకిన అమ్మాయి పిర్ర పట్టుకుని లేచింది. ఆ అమ్మాయి తండ్రి మా ఇంటికొచ్చి పిన్ను చూపించి మరీ పోట్లాడి వెళ్లాడు. ఇక అక్క చేసేదేం లేకపోయింది.

ఆ సాయంత్రం సెలూన్ తలుపు సగం దించి మిడతని కుర్చీలో కూచోబెట్టారు. మా బావ కత్తెర తీశాడు, దువ్వెన తీశాడు, రెండూ కింద పెట్టాడు.

“ఒరేయ్, నాకు చెయ్యి ఆడట్లేదు. నువ్వు కానిచ్చెయ్” అన్నాడు నాతో.

“నావల్ల కాదు బావా. అక్క నాకు అన్నం పెట్టదు” అన్నాను.

మేమిద్దరం ఒకరినొకరు ముందుకు తోసుకుంటుంటే, మిడత కత్తెర లాక్కుని, అద్దంలో చూసుకుంటూ, మెడ దగ్గర పట్టుకుని కరకర కోసేసింది. జడ ఒడిలో పడింది. మెడ వెనక మాత్రం మెట్లు మెట్లుగా వచ్చింది. ఆ వంకర చూసి మా బావ తట్టుకోలేకపోయాడు. కళ్లు తుడుచుకుని, దాని తల ముందుకు వంచి, వరస సరిచేశాడు. అంత శ్రద్ధగా ఆయన ఎవరికీ కత్తిరించగా నేను చూడలేదు. అక్క ఆ జడని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకుంది. వారం పాటు మా ఇద్దరికీ మాటల్లేవు, చారెడు నీళ్లడిగినా గ్లాసు చప్పుడే సమాధానం.

జడ పోయింది. జానెడు మాత్రం పోలేదు. మిడత ఎప్పుడు ఎక్కడ గెలిచొచ్చినా, మా బావ దానికి జానెడు కలిపే చెప్పేవాడు.

“ఇప్పుడు జడ లేదుగా బావా, ఇంకా ఎందుకు కలుపుతావు?” అని అడిగాను.

ఆయన సబ్బు నురగ గిలక్కొట్టాడు. “అది లేకుండా చెబితే చప్పగా ఉంటోందిరా” అన్నాడు.

మిడత దేశంలో మొదటిదయింది. జట్టు కోటు వేసుకుని విమానమెక్కింది. ఊళ్లు తిరిగింది, ఒకచోట ఆరోది, ఒకచోట ఎనిమిదోది, మరోచోట సామాను రాక అసలు దూకనే లేదు. ఇంటికొచ్చిన ప్రతిసారీ కాలికి ఎక్కడో ఒకచోట కట్టుండేది. కుర్చీలో కూచుని జుట్టు కత్తిరించుకుని, తండ్రి చెప్పేవి విని, పళ్లు నూరుకుని వెళ్లిపోయేది. ఒకసారి నిజంగానే పద్నాలుగు మీటర్లు దూకి పరిగెత్తుకుంటూ సెలూన్‌కొచ్చింది. అంతవరకు మన దగ్గర ఏ అమ్మాయీ దూకనంత దూరం. విషయం చెబితే బెంచీ మీదున్న ఎలక్ట్రీషియన్, “అవునా, పోయినసారి అంతకంటే ఎక్కువే దూకావుగా అమ్మా, ఒంట్లో బాలేదా?” అని జాలిపడ్డాడు.

 మిడత తండ్రి వైపు ఒక చూపు చూసింది. అచ్చం వాళ్లమ్మ చూపే.

అదే నెలలో మా బావ దగ్గరికి కొత్త ఖాతాదారు వచ్చాడు. పేపర్లో ఆటల పేజీ రాస్తాడట. మొహం మీద వేడి గుడ్డ కప్పించుకుని, గుడ్డ లోపలి నుంచే, “మీ అమ్మాయి ప్రాక్టీసులో ఎంతవరకు దూకుతోంది?” అని అడిగాడు. మామూలు మనిషికి జానెడు. పేపరాయనకి జానెడేం ఆనుతుంది? మా బావ మూరెడు కలిపాడు.

“పద్నాలుగున్నర అండీ. అదీ పొద్దున్నే, ఇంకా ఒళ్లు వేడెక్కకుండా.”

నేను వెనక నుంచి దగ్గాను. ఆయన వినిపించుకోలేదు. ఆదివారం పేపర్లో పెద్దక్షరాలతో వచ్చింది.

ఆ తర్వాతి పోటీ సముద్రం అవతలి దేశంలో. అక్కడ జరిగింది మాకు మిడత చెప్పిందే. పోటీకి ముందు దూకేవాళ్లందరినీ ఒక చిన్న గదిలో కూచోబెట్టి, బూట్ల మేకులు చూసి, పేర్లు పిలుస్తారట. ఎదురు బెంచీలో ఒక పొడుగమ్మాయి. అంతకు ముందు ఏడాది బంగారు పతకం ఆమెదే. ఆ అమ్మాయి మిడతనే చూస్తూ, చూస్తూ, చివరికి వంగి అడిగింది.

“పద్నాలుగున్నర దూకింది నువ్వేనా?”

మిడతకి ఒక్క క్షణంలో మొత్తం అర్థమైపోయింది. సెలూన్, వేడి గుడ్డ, మూరెడు. కాదని చెబుదామని నోరు తెరిచింది. తీరా చూస్తే ఆ పొడుగమ్మాయి చేతివేళ్లు వణుకుతున్నాయి. మిడత నోరు మూసుకుని, వంగి బూటు తాడు బిగించుకుంది. అంతే చేసింది. అవతలామెకి అది పొగరులా కనబడింది.

పొడుగమ్మాయి ఆ రోజు దూరం కోసం ఒళ్లు తెలీకుండా పరిగెత్తింది. పలక దాటి కాలు పడి, ఎర్రజెండా. మళ్లీ ఎర్రజెండా. ఎలాగో ఒకటి కుదిరి రెండో స్థానంలో నిలిచింది. మిడతకి మూడోది. మెడలో పతకం పడ్డ మొదటిసారి అదే. దిగాక బట్టలు మార్చుకునే గదిలో మిడత ఉండబట్టలేక నిజం చెప్పేసింది, వచ్చీరాని ఇంగ్లీషులో. మా నాన్న సెలూన్ నడుపుతాడు, గడ్డాలు గీస్తూ కలిపి చెబుతాడు, ఆ అరమీటరు నాది కాదు, ఆయనది అని.

పొడుగమ్మాయి లేచి ఎదురుగా వచ్చింది. కొడుతుందేమో అనుకుందట మిడత. ఆ అమ్మాయి ఉన్నట్టుండి పగలబడి నవ్వి, నేల మీద చతికిలబడింది.

“మీ నాన్న నయం” అంది కళ్లు తుడుచుకుంటూ. “మా అమ్మకి నేను ఇసుకలో దూకుతానని చెప్పుకోవడం నామోషీ. అందరికీ బ్యాంకులో పనిచేస్తానని చెబుతుంది.”

అప్పట్నుంచి ఇద్దరూ స్నేహితులు. కాకపోతే పేపర్లో పడ్డ మాట ఊరికే పోలేదు.

ఒక పొద్దున్న ఇద్దరు ఆడవాళ్లు నల్ల బ్యాగులతో మిడత కోసం వచ్చారు. మత్తుమందులూ బలం మందులూ వాడుతున్నారేమోనని ఆటగాళ్లకి చెప్పాపెట్టకుండా పరీక్ష చేసేవాళ్లు. మూత్రం ఇవ్వాలి, ఇచ్చేదాకా వాళ్ల కళ్ల ముందే ఉండాలి. పిల్ల అప్పుడే బాత్రూమ్‌లోంచి వచ్చిందాయె. సీసాల కొద్దీ నీళ్లు తాగింది, గదిలో అటూ ఇటూ తిరిగింది, లాభం లేకపోయింది. ఇంట్లో ఊపిరాడక, “కాసేపు నాన్న దగ్గర కూచుందాం రండి” అని వాళ్లిద్దరినీ వెంటబెట్టుకుని సెలూన్‌కొచ్చింది.

కూతురి పక్కన ఇస్త్రీ బట్టల్లో ఇద్దరు ఆడవాళ్లు బెంచీ మీద సర్దుకు కూచునేసరికి, మా బావకి వాళ్లు ఎవరో పెద్ద కంపెనీ తరఫున వచ్చారనిపించింది. గొంతు సవరించుకున్నాడు.

“మా అమ్మాయి సంగతి మీకు తెలిసే ఉంటుంది. పోయిన నెల అందరూ చూస్తుండగా దూకింది. ఈ మధ్య అయితే ఇంకా పెరిగింది లెండి.”

మిడత చెయ్యి ఊపింది, కళ్లు పెద్దవి చేసింది. ఆయన అద్దంలో చూసుకుంటూ పొంగిపోతున్నాడు.

“ఎంత పెరిగింది?” అంది ఇద్దరిలో పెద్దావిడ.

“బారెడు.”

మిడత నన్ను పక్కకి లాగి, వాళ్లు మందుల పరీక్షవాళ్లని గొణిగింది. బావ దగ్గరికెళ్లి, చెవిలో వాళ్లెవరో చెప్పాను. ఆయన మొహం సబ్బు రాసినట్టు తెల్లబడింది.

“చూడండి” అంది పెద్దావిడ నెమ్మదిగా, “ఒక్కసారిగా అంత దూరం పెరిగిందని పేపర్లో వచ్చిందనే మమ్మల్ని పంపారు. ఆ పెరుగుదల ఎలా వచ్చింది?”

“అది... అది నేను పెంచిందేనండి.”

“మీరా? ఏమిచ్చి పెంచారు?”

“ఏమీ ఇవ్వలేదండి. నోటితోనే.”

“నోటితో అంటే, మాత్రలా?”

కుర్చీలో నురగ మొహంతో కూచున్న మనిషి నవ్వు ఆపుకోలేక ఊగిపోతున్నాడు. మా బావ కత్తి మడిచి పక్కన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి, జడ దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పుకున్నాడు. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్నావిడ గోడ వైపు తిరిగి భుజాలు కదిలిస్తోంది. మధ్యాహ్నానికి మిడత ఇవ్వాల్సింది ఇచ్చింది. పరీక్షలో ఏమీ తేలలేదు, తేలేందుకు ఏమీ లేదు కూడా.

కానీ వాళ్లు వెళ్లిపోయాక సెలూన్లో నవ్వు లేదు. మిడత తండ్రి ఎదుట నిలబడింది.

“నాన్నా, నేనెంత దూకినా నీ దగ్గర తక్కువే. పతకం తెచ్చి చూపిస్తే, పోయినసారి ఇంకా ఎక్కువ దూకావుగా అంటారు. నాకంటే ముందు నువ్వే దూకేస్తున్నావు. ఇక నేనెందుకు దూకడం?”

  మా బావ కుర్చీ మీద రాలిన జుట్టు దులిపి, దులిపిన కుర్చీనే మళ్లీ దులిపాడు.

విషయం అక్కకి తెలిసింది. ఆవిడ అరవలేదు. “ఇవాళ్టి నుంచి పిల్ల దూకిన దూరం ఎవరైనా అడిగితే మీరు చెప్పకండి. నా దగ్గరికి పంపండి, నేను చెబుతాను” అంది. అప్పట్నుంచి ఎవరైనా అడిగితే బావ బట్టల కొట్టు వైపు చూపించేవాడు. గుడ్డ కొనని మగాళ్లు కూడా కౌంటర్ దగ్గర వరస కట్టడం చూసి కొట్టు యజమాని కొన్నాళ్లు తికమకపడ్డాడు.

రెండేళ్ల తర్వాత పెద్ద పోటీ వచ్చింది, అన్ని దేశాలవాళ్లూ వచ్చేది. మిడత తనే టిక్కెట్లు పంపి తల్లినీ తండ్రినీ రమ్మంది. “నువ్వొచ్చి కళ్లతో చూడు నాన్నా, ఆ తర్వాత నీ ఇష్టం” అంది. సెలూన్ నాకు అప్పజెప్పి ఇద్దరూ వెళ్లారు.

ఆ సాయంత్రం బెంచీ మీద చోటు లేక జనం గుమ్మం దాకా నిలబడ్డారు. టీవీ పెట్టాం. ఆ టీవీవాళ్లకి పరుగు పందాలు తప్ప ఇంకేం కనబడవు. పరిగెత్తేవాళ్లు వార్మప్ చేయడం చూపించారు, నీళ్లు తాగడం చూపించారు, ట్రిపుల్ జంప్ మాత్రం వెనకాల ఎక్కడో చీమల్లా కనబడి పోతోంది. ఎలక్ట్రీషియన్ స్టూలెక్కి తెరకి ముక్కు ఆనించి, ఇది మన మిడత చెయ్యేనని ప్రమాణం చేశాడు.

అక్కడేం జరిగిందో అక్క తర్వాత చెప్పింది. అయిదు దూకుళ్లయ్యేసరికి మిడత అయిదో స్థానంలో ఉంది. ఇక ఒక్కటే మిగిలింది. మా బావ కూచోలేడు, నిలబడలేడు, ముందు సీటు వీపు పట్టుకుని పీకుతున్నాడు. పొడుగమ్మాయి అప్పటికే మొదటి స్థానంలో ఉండి కూడా, ఇసుక పక్కకొచ్చి చేతులెత్తి చప్పట్లు మొదలెట్టింది. స్టేడియం అంతా అందుకుంది. మిడత తండ్రి ఎక్కడున్నాడో వెతికి చూసి, పరిగెత్తింది. పలక మీద చప్పుడు, తర్వాత ఇంకోటి, తర్వాత ఇంకోటి. ఇసుక లేచింది. తెల్లజెండా.

బోర్డు మీద అంకెలు వెలిగాయి. పేపర్లో అప్పుడెప్పుడో పడ్డ పద్నాలుగున్నరకి రెండు వేళ్లు తక్కువ. రెండో స్థానం.

“ఏమండీ, ఎంతో చూశారా?” అంది అక్క. మా బావ బోర్డు వైపు చూస్తూ ఉండిపోయాడట. అంకెలు ఒక్కొక్కటే పెదాలతో కూడబలుక్కుంటున్నాడు. అక్క జాలిపడి, “సరే, ఇవాళ్టికి మీరే చెప్పండి” అని ఫోన్ చేతికిచ్చింది.

సెలూన్లో ఫోన్ మోగింది. అందరూ వినేట్టు స్పీకర్ పెట్టాను.  బావ ఉన్నదున్నట్టు చెప్పాడు, అంకెకి అంకె. రెండోది వచ్చిందని కూడా చెప్పి, ఏడుస్తూ పెట్టేశాడు.

 రిటైరైన లెక్కల మాస్టారు వేళ్ల మీద ఏదో లెక్కేసి నిట్టూర్చాడు.

“జానెడు తీసేస్తే నాలుగోది” అన్నాడు.

“పాపం” అన్నాడు ఎలక్ట్రీషియన్. “అంత ఏడుస్తున్నాడంటే అయిదోదే అయ్యుంటుంది.”

అందరూ నా భుజం తట్టడం మొదలుపెట్టారు. పిల్ల చేయాల్సింది చేసింది, నువ్వు దిగులు పడకు అన్నారు. ఒకాయన టీ తెప్పించాడు. నేను ఎంత చెప్పినా వినేవాడు లేడు. మా బావ ఎప్పుడూ జానెడు కలుపుతాడని వీధిలో ప్రతివాడికీ మొదట్నుంచీ తెలుసట. ఆయన చెప్పేవాడు, వీళ్లు మనసులో తీసేసుకుని వినేవాళ్లు. ఆనాడు మిడత మీద జాలిపడ్డ ఎలక్ట్రీషియన్ కూడా, ‘నిజం తెలుసని అంటే మీ బావ చిన్నబుచ్చుకుంటాడని అలా అన్నాను’ అని ఒప్పుకున్నాడు. మేం టీ సగం తాగేసరికి టీవీలో పతకాల మెట్లు చూపించారు. రెండో మెట్టు మీద మిడత. సెలూన్ పైకప్పు ఎగిరిపోయిందనుకున్నాను. కుర్చీలో సగం తల గొరిగి ఉన్న మనిషి అలాగే వీధిలోకి పరిగెత్తాడు.

తిరిగొచ్చాక ఈ సంగతంతా విని మా బావ చిన్నబోయాడు. పతకం సంతోషం కూడా పక్కకి పోయింది.

“అంటే ఇన్నేళ్లూ నా మాట తగ్గించుకునే విన్నారా?” అన్నాడు మాస్టారితో.

“నువ్వు కలిపేవాడివి, మేం తీసేవాళ్లం. లెక్క సరిపోయేది. చివర్లో నువ్వే చెప్పాపెట్టకుండా పద్ధతి మార్చేశావు” అన్నాడు మాస్టారు.

ఆ తర్వాత మా బావ దూరాలే కాదు, అసలు కబుర్లే చెప్పడం మానేశాడు. ఈసారి అక్క మాట మీద కాదు, తనంతట తనే. గడ్డం గీస్తే గడ్డమే గీసేవాడు. మిడత గెలిచినా, ఓడినా, ‘పేపర్లో వస్తుంది చూసుకోండి’ అనేవాడు. సెలూన్ మరీ ఆసుపత్రిలా తయారైంది. బెంచీ మీద జనం పలచబడ్డారు. వచ్చినవాళ్లు నిజంగా జుట్టు పెరిగి వచ్చినవాళ్లే.

ఆ చలికాలంలో మిడతకి మోకాలు పాడైంది. ఆపరేషన్ చేసి, ఆరు నెలలు దూకడం కుదరదన్నారు. కాలు చాపుకుని ఇంట్లో ఉండలేక, కర్రల మీద సెలూన్‌కొచ్చి బెంచీ మీద కూచునేది. తండ్రి మౌనం చూస్తూ కూచునేది. నాలుగు రోజులు చూసింది. అయిదో రోజు ఒక కొత్త మనిషి వచ్చాడు, ఎవరో లారీ డ్రైవరు. గడ్డం తడిపించుకుంటూ, గోడ మీద ఫోటో చూసి, “ఈ అమ్మాయి మీరేనా? మోకాలు బాగయ్యాక మళ్లీ ఎంత దూకగలరు?” అని అడిగాడు.

మిడత కర్రలు గోడకి ఆనించి, కాలు సర్దుకుంది. రెప్ప కూడా వేయలేదు.

“డాక్టరు కొత్త స్క్రూలు వేశాడండీ. పదహారు గ్యారంటీ అన్నాడు” అంది.

మా బావ చేతిలో కత్తి ఆగిపోయింది. అద్దంలో కూతుర్ని చూశాడు. అది కిటికీలోంచి బయటికి చూస్తోంది, ఏమీ ఎరగనట్టు. బావ గొంతు సవరించుకున్నాడు.

“పదహారు ఏమిటమ్మా” అన్నాడు డ్రైవరు గడ్డం కింద కత్తి ఆనిస్తూ, “అది స్క్రూలు పూర్తిగా బిగించకముందు లెక్కగా.”

గుమ్మంలో అలికిడయితే తిరిగి చూశాను. భోజనం క్యారేజీతో అక్క నిలబడి ఉంది. ఎంతసేపయిందో, ఎంతవరకు విందో తెలీదు.  అక్క ముందు మొగుణ్ని చూసింది, తర్వాత కూతుర్ని చూసింది, క్యారేజీ బల్ల మీద పెట్టి గిన్నెలు విడదీసింది.

“తినేవాళ్లు తినండి, చల్లారిపోతోంది” అంది.

ఆ తర్వాత మిడత ఇంకో మూడేళ్లు దూకింది. పద్నాలుగున్నర ఒక్కసారే దాటింది, అదీ వెనక నుంచి తోసే గాలి ఎక్కువగా ఉందని లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు స్టేడియంలో కోచ్‌గా చేస్తోంది. నిన్న గడ్డానికి వచ్చిన పోస్ట్‌మ్యాన్ ఆ గాలి సంగతి అడిగాడు. గాలి కాదండీ, తుఫాను అని మా బావ అప్పుడే మొదలుపెట్టాడు.